తలుపు వెనక మూల

నా చిన్నప్పుడు మా నాన్న పొద్దున్నే కొట్టుకి బయల్దేరుతున్నాడంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. మాది కోటబొమ్మాళిలో కిరాణా వ్యాపారం. కొట్టు స్టేషను రోడ్డులో, ఇల్లు రెండు వీధులు లోపలికి. నాన్న చెప్పులేసుకుని, తాళాల గుత్తి నడుముకి దోపుకుని, వీధి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. సరిగ్గా ఆ క్షణానికి మా అమ్మ నిండు బిందెతో బయటి నుంచి ఎదురు రావాలి. ఆ సమయంలో తుమ్మితే నేరం, ఎక్కడికని అడిగితే అంతకన్నా పెద్ద నేరం. నాకు జలుబు చేసిన రోజుల్లో నాన్న మలుపు తిరిగేదాకా ముక్కు నొక్కుకుని పెరట్లో కూర్చునేదాన్ని.

మా నాయనమ్మ మాత్రం చెప్పుల చప్పుడు వినగానే నడింట్లో తలుపు వెనక్కి వెళ్ళి నిలబడేది. మా తాతయ్య పోయిన దగ్గర్నుంచీ అంతేనట. వెళ్ళమని ఎవరూ చెప్పేవారు కాదు. ఉండమనీ ఎవరూ అనేవారు కాదు. బియ్యం ఏరుతుంటే ఆ చాట చేత్తో పట్టుకునే ఆ మూలకి వెళ్ళిపోయేది. నాన్న వెళ్ళాక బయటికొచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడ మళ్ళీ మొదలుపెట్టేది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. గుమ్మం కడగడం, ముగ్గు పెట్టడం లాగే అది కూడా పొద్దుటి పనుల్లో ఒకటి అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మనిషి సంగతే అలా ఉంటే ఇక పిల్లి సంగతి చెప్పాలా! పిల్లి ఎదురైతే నాన్న వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, వసారాలో బల్ల మీద కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. మా వీధిలో ఒక నల్ల పిల్లి ఉండేది. దానికి వేరే పనేమీ లేనట్టు ఒక్కో రోజు ఆయన్ని రెండుసార్లు కూర్చోబెట్టేది. పెరటి వైపు గిడ్డంగిలో ఎలకలు పప్పు బస్తాలన్నీ కొరికి పారేస్తున్నా, పిల్లిని పెంచుదామన్న మాట మాత్రం ఎత్తనిచ్చేవాడు కాదు. అలాంటి ఇంటికి నేను నిండు కడుపుతో ఉన్న పిల్లిని చంకనెత్తుకుని తీసుకొచ్చాను.

అది పక్కింటి అక్క పిల్లి. అక్క బళ్ళో టీచరు. పక్కింట్లో ఒక గది అద్దెకి తీసుకుని ఒక్కర్తే ఉండేది. సాయంత్రాలు నాకు లెక్కలు చెప్పేది, పైసా తీసుకునేది కాదు. తెల్లటి ఒంటి మీద పసుపు మచ్చలున్న ఆ పిల్లికి సిన్నమ్మి అని పేరు పెట్టుకుంది. ఎండాకాలం సెలవులిచ్చిన వారానికి అక్క వాళ్ళమ్మకి విశాఖపట్నంలో ఆపరేషన్ అన్నారు. మూడు వారాలు ఆస్పత్రిలో తోడుండాలి. సిన్నమ్మి కడుపు చూస్తే అప్పటికే బూరెలా ఉంది. గదికి తాళం వేసి దాన్ని వీధిలో వదిలేయడానికి అక్కకి మనసొప్పలేదు. నేను చూసుకుంటానన్నాను.

అక్క నా మొహంలోకి చూసి, "ఆటకాదే. నేనొచ్చే లోపే ఇది పిల్లల్ని పెట్టేస్తాది. నీ వల్ల అవుతాదా?" అంది. నన్ను ఎవరైనా నీ వల్ల అవుతుందా అని అడిగితే చాలు, అది అయ్యేదాకా నేను ఊరుకోను. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. తల్లినీ పిల్లల్నీ క్షేమంగా నీకు అప్పజెబుతాను అని అక్క చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. నాకప్పుడు పదేళ్ళు. పురుడంటే ఏమిటో తెలియదు గానీ పూచీ అంటే ఏమిటో కొట్లో పెరిగిన పిల్లని కాబట్టి బాగా తెలుసు.

నాన్న మొదట కస్సుమన్నాడు. కానీ నాకు ఊరికే చదువు చెప్పే టీచరమ్మ అడిగిన సాయం, కాదనలేడు. ఎలకల బాధ కూడా ఉంది. చివరికి షరతు పెట్టాడు. "మూడు వారాలే. అది గిడ్డంగి దాటి ఇంట్లోకి రాకూడదు. నేను బయల్దేరినప్పుడు ఒక్కసారి ఎదురొచ్చిందా, గోనెలో ఏసి నౌపడ ఉప్పు మడుల్లో వదిలేసి వస్తాను. మరి నన్ననొద్దు." ఆ మడులు నేను చూశాను. కనుచూపు మేర తెల్లటి ఎండ, ఒక్క చెట్టు నీడ లేదు, తాగడానికి చుక్క మంచినీళ్ళు లేవు. ఆయన అన్నాడంటే చేసే మనిషి. నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు మరి!

అలా సిన్నమ్మి గిడ్డంగిలో చేరింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నాకు అదే లోకం. పాలు పట్టడం, పెరుగన్నం పెట్టడం, కడుపు మీద చెయ్యేసి లోపల పిల్లలు కదులుతుంటే చూసి మురిసిపోవడం. నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా చూసింది. మూడో రోజు ఉండబట్టలేకపోయింది. "ఒసే, పిల్లల తల్లికి ఆ పెరుగన్నం ఏటి సాలతాది?" అంది.

మా ఇంట్లో ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా గడప దాటదు. అలాంటి ఇంట్లో మా నాయనమ్మ ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టుకుని, పెరటి గోడ దగ్గర నిలబడి, వెనక వీధిలో పోతున్న చేపల ఆవిణ్ణి పిలిచింది. చేపల తలకాయలు ఓ నాలుగు గోడవతల పడేసి వెళ్ళమంది. చేపల ఆవిడ తట్ట దించి, నోరు తెరిచి, "ఓలమ్మో, మీ ఇంట్లో సేపలేటమ్మా!" అని బుగ్గలు నొక్కుకుంది. నాయనమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "మా పిల్ల పురిటికొచ్చినాదే" అంది. ఆ రోజు నుంచి ఆవిడ అటు వచ్చినప్పుడల్లా గోడవతల నుంచి "పురిటాలు ఎలగున్నాది?" అని కేకేసి, తలకాయలు పడేసి పోయేది.

రోజులు దగ్గర పడ్డాయి. సిన్నమ్మి పొట్ట కిందికి జారింది. రొమ్ములు ఎర్రబడ్డాయి. అది మూలమూలకీ వెళ్ళి కాళ్ళతో గీరి చూసుకుంటోంది. చోటు వెతుక్కుంటోందని నాకు అర్థమైంది. సరే, ఇక నా తడాఖా చూపించాలి కదా. కొట్టు నుంచి ఖాళీ టీ పెట్టె ఒకటి మోసుకొచ్చాను. దేవదారు చెక్క, లోపల నున్నగా వెండి కాగితం. అందులో మెత్తగా ఉండాలని గిడ్డంగిలోంచి ఒక పాత గోనెసంచి తెచ్చి, నాలుగు మడతలు వేసి పరిచాను. పట్నంలో ఆస్పత్రి మంచం కూడా అంత బాగుండదు అనుకున్నాను.

సిన్నమ్మిని తెచ్చి అందులో కూర్చోబెట్టాను. అది టపీమని బయటికి దూకింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ దూకింది. నాకు పట్టుదల వచ్చింది. ఎంత మొండి పిల్లివైతే మాత్రం నాకన్నానా అనుకుని, ఈసారి పెట్టి మూత వేసి, మూత మీద రెండు ఇటుకలు పెట్టి, పైన నేను కూర్చున్నాను. లోపల అది తుమ్మింది. ఒకటి కాదు, పది. తర్వాత ఏడవడం మొదలుపెట్టింది. పిల్లి అలా ఏడుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. భయమేసి మూత తీశాను. అది నా మోచేతి మీద నాలుగు గీతలు గీసి, గిడ్డంగి కిటికీలోంచి పెంకుల మీదికి ఎగిరి మాయమైపోయింది.

ఆ పూటంతా వెతికాను. పక్కింటి దడి, కట్టెల పాక, వెనక వీధి కాలువ, ఏదీ వదల్లేదు. ఎక్కడా లేదు. మాటిచ్చాను కదా, అక్క వస్తే ఏ మొహం పెట్టుకుని కనిపించాలి? ఎక్కడ పిల్లల్ని పెట్టేస్తుందో, ఏ కుక్క చూస్తుందో! గిడ్డంగికి వచ్చి ఆ గోనె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఏడుస్తూ ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నాను. అంతే, కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. నా కేకకి నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది.

నా కళ్ళు చల్లటి మజ్జిగతో కడిగి, గోనె తీసి ఒక్క దులుపు దులిపింది. ఎండలో ఎర్రటి పొడి లేచింది. అది మిరపకాయల గోనె! పుట్టినప్పటి నుంచి మిరప, ధనియాలు, ఇంగువల మధ్య బతికిన వాళ్ళం, మాకెవరికీ ఆ ఘాటు తెలియనే తెలియదు. కొట్టుకి వచ్చినవాళ్ళు దగ్గుతుంటే వీళ్ళకేం రోగం అనుకునేవాళ్ళం. నాయనమ్మ మొదట పడిపడి నవ్వింది. తర్వాత నెత్తిన ఒక్కటి మొట్టింది. "మన ముక్కులు ఎప్పుడో సచ్చిపోనాయే. దాని ముక్కు బతికే ఉన్నాది. కానుపుకొచ్చిన దాన్ని తీసుకెళ్ళి మిరపకాయల్లో పడుకోబెట్టి, పైనెక్కి కూకుంటావా!" అంది.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. దానికి ఏం కావాలో ఒక్కసారీ అడగలేదు. నా పెట్టె నాకు నచ్చింది, దానికీ నచ్చి తీరాలి అనుకున్నాను. నాయనమ్మ నన్ను పెరటి మెట్టు మీద కూర్చోబెట్టింది. "వెతక్కు. పిలవకు. మూడు సోట్ల గుడ్డలేద్దాం. ఎక్కడ బాగుంటాదో అదే సెప్తాది. నువ్వు నోరు మూసుకొని సూడు. అదీ పనే. నీకు సేతనైతే సెయ్యి" అంది. మళ్ళీ అదే మాట, చేతనవుతుందా అని! మా నాయనమ్మకి నా తాళంచెవి ఎక్కడుందో తెలుసు.

ఒక గుడ్డ గిడ్డంగిలో అటక కింద వేసింది. ఇంకోటి కట్టెల పాకలో. మూడోది, తన పాత నేత చీర, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయినది, మడతపెట్టి తీసుకెళ్ళి నడింట్లో తలుపు వెనక మూలలో పరిచింది. ఇంట్లోకి రాకూడదన్నాడు కదా నాన్న! నాయనమ్మ తల కూడా తిప్పకుండా, "అది దానికి నచ్చదులే. ఊరికే ఏసినాను" అంది. నిజంగా ఊరికే వేసిందా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. మిగతా రెండు చోట్లా వేసినవి గరుకు దుప్పటి ముక్కలు మరి.

రెండు గంటలు ఆ మెట్టు మీద కదలకుండా కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని అంతకుముందు చెయ్యలేదు. వెతకడం తేలిక, పరుగెత్తడం తేలిక, మూత మీద ఎక్కి కూర్చోవడం మరీ తేలిక. ఎండ గోడ దిగుతున్న వేళ పెంకుల మీద చప్పుడైంది. సిన్నమ్మి దిగింది. నన్ను చూసి ఆగింది. నేను ఊపిరి కూడా పీల్చలేదు. అది అటక కిందకి వెళ్ళి వాసన చూసి వచ్చేసింది. కట్టెల పాకలోకి తొంగి చూసి వచ్చేసింది. తర్వాత వంటింట్లోంచి నేరుగా నడింట్లోకి నడిచి, తలుపు వెనక ఆ చీర మీద మూడుసార్లు గుండ్రంగా తిరిగి, పడుకుంది.

నాయనమ్మ వంగి దాని తల నిమిరింది. "మంచి సోటే సూసుకున్నాది. సీకటిగుంటాది, సల్లగుంటాది, ఎవరూ రారు. నాకు తెలీదేటి" అంది. అప్పుడు కూడా నాకు ఏమీ వెలగలేదు. పిల్లి దొరికిన సంతోషంలో ఉన్నాను.

ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది కాబట్టి వెనక మూల ఎవరికీ కనిపించదు. నాన్న భోజనానికి వచ్చేవాడు, వెళ్ళేవాడు. రెండు రోజులు గడిచాయి. ఆ రెండు పొద్దులూ నాన్న బయల్దేరే వేళకి తలుపు వెనక నాయనమ్మా, ఆమె కాళ్ళ దగ్గర సిన్నమ్మీ. ఇద్దరూ చప్పుడు చేసేవారు కాదు.

మూడో రోజు నాన్న నౌపడ ప్రయాణం. వానలు పడక ముందే ఏడాదికి సరిపడా ఉప్పు బేరం చేసుకుని రావాలి. ముహూర్తం చూసుకున్నాడు. పొద్దుటి ప్యాసింజరు అందుకోవాలి. తెల్లారినప్పటి నుంచీ సిన్నమ్మి ఒక చోట నిలవడం లేదు. లేస్తోంది, తిరుగుతోంది, నా వెనకే వచ్చి నా మొహంలోకి చూసి అరుస్తోంది. నాయనమ్మ దాని పొట్ట పట్టి చూసి, "ఈ పూటే. నువ్వు దీన్ని వదిలి కదలకు. నువ్వు కదిల్తే అదీ కదుల్తాది" అని నా చెవిలో చెప్పింది. నేను తలుపు వెనకే కూర్చున్నాను.

వసారాలోంచి నాన్న కేక వినిపించింది, "నా గొడుగేదే?" అని. పదేళ్ళ అలవాటు. నాన్న పిలిస్తే కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. చిలక్కొయ్యకి ఉన్న గొడుగు తీసుకుని పరుగెత్తుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగేసరికి సిన్నమ్మి నా కాళ్ళ పక్క నుంచి వెళ్ళి, ఇటు నాన్నకీ అటు బిందెతో వస్తున్న అమ్మకీ సరిగ్గా మధ్యలో, గడప దాటి కూర్చుని, గొంతెత్తి అరిచింది.

నాన్న అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. గొడుగు బల్ల మీద పెట్టి, "గోనె పట్టుకురా" అన్నాడు. నాతోనే అన్నాడు. ఆయన మాటకి ఎదురు చెప్పడం అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. వెళ్ళి సిన్నమ్మిని ఒళ్ళోకి తీసుకుని గడప మీద చతికిలబడ్డాను. గడప మీద కూర్చోకూడదని మళ్ళీ అదో అపశకునం! "నేను తేను. అక్కకి మాటిచ్చాను. దీన్ని తీసుకెళ్తే నన్ను దాటుకుని వెళ్ళాలి" అన్నాను. ఈసారి కాళ్ళు మాత్రం కదల్లేదు. నాన్న గోనె తనే తెచ్చుకోవడానికి గిడ్డంగి వైపు తిరిగాడు.

నడింటి తలుపు కిర్రుమంది. నాయనమ్మ బయటికి వచ్చింది. నాన్న ప్రయాణం వేళ, ఆ వెలుతురులో, ఆ వసారాలో ఆమెను చూడడం నాకు అదే మొదటిసారి. కొంచెం పొట్టిగా కనిపించింది. వచ్చి నాన్నకి సరిగ్గా ఎదురుగా నిలబడి, "పెద్ద గోనె తే నాయనా. ఇద్దరం పట్టాలి కదా" అంది.

నాన్న ఆగిపోయాడు. "అదేటమ్మా అలగంతావు? నిన్నెవరేటన్నారు?" అన్నాడు.

"ఎవరూ ఏటీ అన్లేదు. పన్నెండేళ్ళ నుంచీ ఎవరూ ఏటీ అన్లేదు. అందుకే తలుపెనకుండిపోనాను." ఆమె గొంతు పెద్దదవలేదు. "ఒరే, నువ్వు పుట్టింది ఈ నడింట్లోనే. ఈ బూమ్మీదకొచ్చిన పొద్దు నీకు మొట్టమొదట ఎదురొచ్చింది ఎవుర్రా? నేనే కదా. నీకేటి తక్కువైనాది? సెప్పు."

అమ్మ వీధిలోనే నిలబడిపోయింది, చంకలో బిందె, బిందెలోంచి నీళ్ళు కారి చీరంతా తడుస్తున్నా చూసుకోలేదు. ఏ ఇంట్లోనో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు నాకు వెలిగింది. మా నాన్నకి ఎదురు రాకూడనివి ఇంట్లో రెండున్నాయి, రెండూ ఒకే మూలలో దాక్కుంటున్నాయి. ఒకదాని కోసం నేను గడప మీద కూర్చుని యుద్ధం చేస్తున్నాను. రెండోదాని సంగతి పదేళ్ళుగా నాకు పట్టనే లేదు.

ఇంతలో నా గౌను వెచ్చగా తడిసింది. సిన్నమ్మి ఒళ్ళు రాయిలా బిగుసుకుంది. నాయనమ్మ కొడుకునీ కోపాన్నీ అక్కడే వదిలేసి, "ఓలమ్మో, వచ్చేసినాది. బేగి తే, బేగి!" అని పరుగు లాంటి నడకతో లోపలికి దారి తీసింది. దాన్ని ఎత్తుకుని నాన్న పక్క నుంచే వెళ్ళాను. ఆయన అడ్డం రాలేదు.

ఆ చీర మీద మొదటిది చప్పున వచ్చేసింది, తల్లిలాగే పసుపు మచ్చలతో. సిన్నమ్మి దాన్ని నాకి నాకి శుభ్రం చేసింది. రెండోది కూడా తేలిగ్గానే వచ్చింది. మూడోది వచ్చేసరికి తల్లి అలిసిపోయి తల వాల్చేసింది. ఆ పిల్లలో కదలిక లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. చేయి చాపబోయాను. నాయనమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. చేయి వెనక్కి తీసుకున్నాను. ఆమె తల్లి మొహం కేసి చూసి, అది వద్దనడం లేదని తేల్చుకున్నాక, చిటికెన వేలితో పిల్ల నోట్లో జిగురు తీసి, చీర చెంగుతో వీపు రుద్దింది. రుద్దుతూనే ఉంది. నాకు చాలాసేపు అనిపించింది. చివరికి అది నోరు తెరిచి, వినీ వినపడనంతగా 'మ్యా' అంది. మేమిద్దరం ఒకేసారి ఏడ్చి, ఒకేసారి నవ్వాం.

దూరంగా ప్యాసింజరు కూత వినిపించింది. వచ్చింది, ఆగింది, పోయింది. వసారాలో బల్ల కిర్రుమన్న చప్పుడు విని నాన్న ఇంకా అక్కడే ఉన్నాడని తెలిసింది. కాసేపటికి తలుపవతల నుంచి ఆయన గొంతు, చాలా చిన్నగా, "ఎన్నే?" అంది. మూడు అన్నాను. నాయనమ్మ పొట్ట తడిమి, "ఇంకోటున్నాది" అంది. "సరే" అన్నాడు నాన్న. అమ్మని గ్లాసుడు మంచినీళ్ళు అడగడం వినిపించింది.

మధ్యాహ్నం బండికి ఆయన మళ్ళీ బయల్దేరాడు. చెప్పుల చప్పుడు వినగానే నాయనమ్మ అలవాటు కొద్దీ మూల వైపు నడిచింది. మూల నిండా సిన్నమ్మీ, నలుగురు పిల్లలూ. పాదం పెట్టడానికి చోటు లేదు. ఆమె ఒక్క నిమిషం అక్కడే ఆలోచించింది. తర్వాత చెంగు సర్దుకుని, తిన్నగా వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న ఆగాడు. మెట్టు కేసి చూస్తూ, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. "జాగర్తగా వెళ్ళిరా నాయనా" అంది. తాతయ్య పోయాక నాన్న ప్రయాణం వేళ తల్లికి చెప్పి వెళ్ళడం అదే మొదలని మా అమ్మ నాకు తర్వాత చెప్పింది.

ఉప్పు బేరం కుదిరిందా అని అడుగుతారు. కుదిరింది. గొప్పగా ఏమీ కాదు, ప్రతి ఏడూ ఎలా కుదిరేదో అలాగే. పిల్లి వల్ల పెరగలేదు, నాయనమ్మ వల్ల తరగలేదు. ఆ సంగతి నాన్న కూడా గమనించే ఉంటాడు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని వీధిలో అందరూ చెప్పారు. సిన్నమ్మి ఒక్క ఇల్లు కూడా తిప్పలేదు. నెలరోజులు ఆ మూల వదల్లేదు. ఆ నెలరోజులూ నాయనమ్మ పొద్దున్నే చాటతో వసారాలోనే కూర్చుంది. మొదట్లో నాన్న చూపు పక్కకి తిప్పుకునేవాడు. తర్వాత్తర్వాత, "అమ్మా, ఆ రాళ్ళు సూసుకో, ఈ బియ్యంలో ఎక్కువున్నాయి" అని ఏదో ఒకటి అని పోయేవాడు. అక్క చెప్పిన మూడు వారాలకి ఇంకో మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. తల్లినీ ముగ్గురు పిల్లల్నీ లెక్కగా అప్పజెప్పాను. ఆ మూడో పిల్లని, నాయనమ్మ ఊపిరి పోసిన దాన్ని, ఎలకల పేరు చెప్పి నాన్నే మా ఇంట్లో ఉంచేయమన్నాడు.

వాళ్ళు వెళ్ళిన రోజు అమ్మ ఆ మూల ఊడ్చి, అలికి, శుభ్రం చేసింది. ఖాళీగా ఉన్న ఆ మూలని చూస్తే నాకు దిగులు పుట్టుకొచ్చింది. ఇక రేపట్నుంచి మళ్ళీ మామూలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న చెప్పుల చప్పుడు వినిపించింది. నాయనమ్మ చాట పట్టుకుని లేచింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, ఒక్క నెలలో పోతుందా! నడింట్లోకి వెళ్ళి తలుపు దగ్గర ఆగిపోయింది. వెనకే వెళ్ళి చూశాను. ఆ మూలలో, తలుపుకీ గోడకీ మధ్య ఇరుక్కుని, నిండు ఉప్పు బస్తా ఉంది.

వసారాలోంచి నాన్న, మా వైపు చూడకుండా, చెప్పు పట్టీ సరిచేసుకుంటూ, "గిడ్డంగిలో సెమ్మ తగుల్తన్నాదమ్మా. అది అక్కడే ఉండనీ" అన్నాడు. నాయనమ్మ ఆ బస్తా మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత వెనక్కొచ్చి వసారాలో కూర్చుని బియ్యం ఏరుకుంది. ఆమె పోయేదాకా ఆ మూల ఖాళీ అవడం నేను చూడలేదు. ఒక బస్తా వాడకానికి తీస్తే, సాయంత్రానికి ఇంకోటి వచ్చి కూర్చునేది.

నాకు ఇప్పుడు అప్పటి మా నాయనమ్మ కంటే ఎక్కువ వయసు. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. మొన్న నా మనవరాలు ఎచ్చెర్లలో యూనివర్సిటీ పరీక్షకి బయల్దేరుతుంటే మా వియ్యపురాలు వచ్చి ఉంది. మంచి మనిషి, మనసులో ఏమీ ఉండదు. పిల్ల స్కూటీ తీస్తుండగా నా మోచెయ్యి మెల్లిగా పట్టుకుని, చెవి దగ్గర, "వదినగారూ, ఒక్క రెండు నిమిషాలు మీరు లోపలుంటే..." అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇలాంటి మాట ఎంత మెత్తగా అంటారో నాకు తెలుసు. మా ఇంట్లో అయితే అసలు అనేవారే కాదు.

మా ఇంట్లో తలుపు వెనక మూలలో ఈ రోజుకీ చిన్న ఉప్పు బస్తా ఒకటుంటుంది. వంటింట్లో ఉండాల్సింది ఇక్కడెందుకని మా కోడలు ఎన్నిసార్లు విసుక్కున్నా నేను కదపనివ్వను. "లోపల సోటు లేదు వదినగారూ, ఉప్పున్నాది" అని చెప్పి, గేటు దాకా నడిచి, గడియ తీసి, నా మనవరాలికి నిండుగా ఎదురు నిలబడ్డాను. హాల్ టికెట్ పెట్టుకున్నావా అని అడిగాను. పెట్టుకున్నాను నానమ్మా అని నవ్వి, నా ముందు నుంచే వెళ్ళింది.